తేదీ వేసిన సాక్ష్యం

వార్సా ఘెట్టోలో యూదు మండలి అధ్యక్షుడిగా పనిచేసిన ఆడమ్ చెర్నియాకువ్ 1939 సెప్టెంబరు 6 నుంచి 1942 జులై 23 దాకా పోలిష్ భాషలో డైరీ రాశాడు. అందులో చాలా రోజులు ఆ పొద్దుటి ఉష్ణోగ్రతతో మొదలవుతాయి. ఆ తర్వాత ఏ జర్మన్ అధికారిని కలిశాడు, ఎంత సొమ్ము కట్టమన్నారు, ఎవరిని విడిచిపెట్టమని అడిగాడు అన్న సంగతులు పొడిపొడిగా ఉంటాయి. గోడు వెళ్లబోసుకోవడం దాదాపు కనిపించదు. ఈ నోటు పుస్తకాలు 1964లో జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వాషెమ్‌కు చేరాయి. 1940 డిసెంబరు నుంచి 1941 ఏప్రిల్ వరకు రాసిన పుస్తకం మాత్రం దొరకలేదు.

హోలోకాస్ట్‌కు సాక్ష్యంగా డైరీ విలువ ఏమిటో ఇందులోని చివరి నాలుగు రోజులే చెబుతాయి. ఘెట్టో జనాన్ని తరలిస్తారన్న పుకారు ఊరంతా పాకింది. జులై 20న చెర్నియాకువ్ గెస్టపో అధికారులను ఒకరి తర్వాత ఒకరిని కలిసి అడిగాడు. కొందరు తమకేమీ తెలియదన్నారు, మరొకరు ఆ మాటలన్నీ వట్టివేనని కొట్టిపారేశారు. 22న ఎస్.ఎస్. అధికారి హెర్మన్ హోఫ్లే మండలి కార్యాలయానికి వచ్చి, ఆ సాయంత్రం నాలుగింటికల్లా 6,000 మందిని అప్పగించాలని హుకుం వేశాడు. మర్నాడు చెర్నియాకువ్ విషం మింగి చనిపోయాడు.

బతికి బయటపడిన మనిషి ఇరవై ఏళ్ల తర్వాత ఇవే రోజుల గురించి చెబితే, ఆ జనాన్ని ఎక్కించిన రైళ్లు ట్రెబ్లింకా హత్యా శిబిరానికి వెళ్లాయని తెలిసి చెబుతాడు. తెలిసింది మరుగున పెట్టి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. డైరీ రాసేవాడికి రేపటి సంగతి తెలియదు. అధికారులు ఆడిన అబద్ధం, అబద్ధమని ఇంకా తేలకముందే 20వ తేదీ కింద నమోదైపోయింది. బాధితుల మాటలకన్నా జర్మన్ కార్యాలయాల కాగితాలకే పెద్దపీట వేసిన చరిత్రకారుడు రావుల్ హిల్బర్గ్ 1979లో ఈ డైరీ ఇంగ్లిష్ కూర్పుకు ఒక సంపాదకుడయ్యాడంటే కారణం ఊహించవచ్చు.

అలాగని డైరీలో ఉన్నదంతా జరిగిందని కాదు. కళ్లారా చూసింది, ఎవరో చెప్పగా విన్నది, తాను అనుకున్నది ఒకే పేజీలో కలిసిపోయి ఉంటాయి. డ్రెస్డెన్‌లో ఉన్న యూదు ఆచార్యుడు విక్టర్ క్లెంపరర్ 1942 మార్చిలో తన డైరీలో ఆష్విట్జ్ పేరు రాసుకున్నాడు. పేరు సరిగ్గా అదేనో కాదో కూడా అతనికి రూఢిగా తెలియదు. అన్నిటికన్నా ఘోరమైన నిర్బంధ శిబిరమని విన్నాడు, అంతే. ఆష్విట్జ్ లోపల ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఈ వాక్యం పనికిరాదు. జర్మనీలో ఒక యూదుడి చెవికి ఏ నెలలో ఎంత వార్త చేరిందో తేల్చడానికి మాత్రం ఇంతకన్నా గట్టి ఆధారం దొరకడం కష్టం.

విల్నియస్ పక్కన పొనారి అడవిలో ఇల్లున్న పోలిష్ పాత్రికేయుడు కజిమియెష్ సాకోవిచ్‌ది వేరే తీరు. అతను బాధితుడూ కాదు, హంతకుడూ కాదు. దాదాపు 70,000 మంది యూదులను కాల్చి చంపిన ఆ చోటును తన ఇంటి నుంచి గమనిస్తూ, ఏ రోజు ఎవరిని తెచ్చారో, చనిపోయినవారి బట్టల బేరం ఎలా సాగిందో రాశాడు. ఆ కాగితాలను సీసాల్లో పెట్టి పాతిపెట్టాడు. దొరికినంతవరకు 1941 జులై నుంచి 1943 నవంబరు దాకా ఉన్నాయి. హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడిన రాహేల్ మార్గోలిస్ వాటిని ఓపికగా చదివి సిద్ధం చేయగా 1999లో అచ్చయ్యాయి. ఆ రాతలో జాలి కనిపించకపోవడం చదివేవారిని ఇబ్బంది పెడుతుంది. సాక్ష్యంగా దానికి వచ్చిన లోటేమీ లేదు.

ఆన్ ఫ్రాంక్ డైరీ మీద రేగిన వివాదం మరో రకం. 1944 మార్చి 28న లండన్ నుంచి డచ్ మంత్రి ఒకరు రేడియోలో మాట్లాడుతూ, యుద్ధం ముగిశాక జనం రాసుకున్న డైరీలు, ఉత్తరాలు సేకరిస్తామన్నాడు. అది విని ఆన్ తన రాతను పుస్తకంగా తెచ్చే ఉద్దేశంతో తిరగరాయడం మొదలుపెట్టింది. తండ్రి ఒట్టో రెండింటినీ కలిపి, కొన్ని భాగాలు తీసేసి 1947లో అచ్చువేయించాడు. ఈ తేడాలు చూపి హోలోకాస్ట్‌నే కాదనేవారు డైరీ నకిలీదన్నారు. కాగితం, సిరా, చేతిరాత పరీక్షించి, మూడు పాఠాలనూ పక్కపక్కన పెట్టి డచ్ ప్రభుత్వ సంస్థ 1986లో విమర్శనాత్మక కూర్పు వెలువరించడంతో ఆ వాదానికి ఆధారం లేకుండా పోయింది. అయితే తిరగరాసిన పాఠం ఏ రోజుకారోజు రాసింది కాదు. అది ఒక రచయిత్రి చేతి పని. అబద్ధం కాకపోయినా, సాక్ష్యంగా వాడేటప్పుడు మొదటి పాఠంతో పోల్చక తప్పదు.

దొరికిన డైరీలు కూడా అందరి గొంతూ కావు. కాగితం, కలం, దాచే చోటు ఉన్నవారే రాయగలిగారు. రాసినవి కూడా అన్నీ మిగలలేదు. వార్సాలో చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ బృందం పాతిపెట్టిన భాండాగారంలో రెండు భాగాలు 1946లో, 1950లో బయటపడ్డాయి. మూడోది ఇప్పటికీ దొరకలేదు.

ఏ పాఠం ఎప్పుడు రాసిందన్నది ఇంత ముఖ్యం కాబట్టి, ఆన్ డైరీ కొనేవారు తమ చేతిలోని అనువాదం ఏ కూర్పు నుంచి వచ్చిందో ముందుమాటలో ఒకసారి చూసుకోవాలి.