ముందుమాట ఎవరిది?
అవార్డుల సీజనూ, మిరపకోతల సీజనూ

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సీజను అంటే పనుల సీజనే. దసరా దాటితే పత్తి తీతలు, సంక్రాంతి దగ్గరపడితే మిరపకోతలు. తెల్లవారకముందే ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి కూలికి పోయే ఆడవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల వాళ్ళు. కోసిన కాయ కళ్ళంలో ఎండుతుంది, తాలు ఏరతారు, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి తోలతారు. ఏది ఎర్రకాయ, ఏది తాలుకాయ అని చేత్తో తేల్చేది కూలి ఆడది. ధర చెప్పేది మాత్రం యార్డులో కమీషన్ ఏజెంటూ, వ్యాపారీ. ఏరేవాళ్ళు ఒకరు, విలువ కట్టేవాళ్ళు ఇంకొకరు.

సినిమా అవార్డుల గురించి రాయబోతూ మేము కళ్ళం దగ్గర మొదలుపెట్టటానికి కారణం ఉంది. సరిగ్గా ఇవే నెలల్లో, డిసెంబరు నుంచి మార్చి దాకా, అమెరికాలో ఇంకో సీజను నడుస్తుంది. అదీ విలువ కట్టే పనే. 2023లో అది మన తెలుగు ఇళ్ళదాకా వచ్చింది కాబట్టి దాని పద్ధతేమిటో తెలుసుకోవాలి.

న్యూయార్క్ సినీ విమర్శకుల సంఘం 1935లో పుట్టింది. లాస్ ఏంజెలెస్ విమర్శకుల సంఘం 1975లో వచ్చింది. ఈ సంఘాలు డిసెంబరులోనే తమ తీర్పులు చెప్పేస్తాయి. ఆస్కార్లు వచ్చేది ఫిబ్రవరి చివర్లోనో, మార్చిలోనో. అంటే విమర్శకుల బలమంతా ముందుగా మాట్లాడటంలో ఉంది. ఏడాదిలో వచ్చిన వందల సినిమాల్లో ఆస్కార్ ఓటరు ఏవి చూడాలి? విమర్శకులు ఎత్తిచూపినవి ముందు చూస్తాడు. వీళ్ళ జాబితా వాళ్ళకి వడపోత అవుతుంది.

ఆర్ఆర్ఆర్ సంగతి చూడండి. సినిమా విడుదలయింది 2022 మార్చి 25న. ఆస్కార్‌కి మన దేశం అధికారికంగా పంపింది దీన్ని కాదు, గుజరాతీ సినిమా ఛెల్లో షోని. అయినా 2022 డిసెంబరు 2న న్యూయార్క్ విమర్శకులు రాజమౌళిని ఉత్తమ దర్శకుడన్నారు. అదే నెలలో లాస్ ఏంజెలెస్ విమర్శకులు కీరవాణి సంగీతానికి ఓటేశారు. జనవరి 10న గోల్డెన్ గ్లోబ్. ఆస్కార్ నామినేషన్ల ఓటింగు జనవరి 12 నుంచి 17 దాకా. ఆ ఓటింగు మధ్యలో, జనవరి 15న, క్రిటిక్స్ ఛాయిస్ అవార్డులు రెండు. మార్చి 12 రాత్రి ఆస్కార్. తేదీలు వరసగా పెట్టి చూస్తే ఇది గాలివాటం కాదని తెలుస్తుంది. నిచ్చెనకి ఒక్కో మెట్టూ దాని చోటులోనే ఉంది. మన పేటల్లో ఆడవాళ్ళు సంక్రాంతి ముగించుకుని మళ్ళీ మిరపతోటలోకి దిగే వారంలోనే ఈ బేరం తేలింది.

తెలుగు పాటకి ఆస్కార్ వస్తే మాకు సంతోషమే. అయితే ముందు మాట్లాడిన విమర్శకులు ఏం చూశారు, ఏం చూడలేదు అని అడక్కపోతే మేం విమర్శ రాయటం దండగ. ఆ సినిమా చివర్లో భీమ్ రాముణ్ణి చదువు అడుగుతాడు. అసలు కొమురం భీమ్ గోండు బిడ్డ, జల్ జంగల్ జమీన్ అని నిజాం సర్కారుతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చినవాడు. అచ్చు పనిచేసే విఠోబా దగ్గర ఆయన చదువు నేర్చాడని జీవితకథలు చెబుతాయి. అలాంటివాడు తెరమీద ఇంకొకరి ముందు అక్షరం కోసం నిలబడ్డాడు. ఆదివాసీకి జ్ఞానం పైవాడు ఇవ్వాల్సిందేనన్న పాత కథ కాదా ఇది? ఈ ప్రశ్న వేసినవాళ్ళు ఇక్కడా ఉన్నారు, బయటా ఉన్నారు. కానీ అవార్డుల జాబితాలో ప్రశ్నకి గడి ఉండదు. పేరు ఉంటుంది, అంతే. జాబితా ముందు పోయింది, ప్రశ్న వెనకపడిపోయింది.

అట్లాగని విమర్శకుల అవార్డులు పనికిరానివని మేము అనటం లేదు. 2016లో మూన్‌లైట్ అనే చిన్న సినిమా వచ్చింది. పేద నల్లపిల్లవాడి కథ, తీసినవాడు నల్లవాడే, బ్యారీ జెంకిన్స్. డిసెంబరులో లాస్ ఏంజెలెస్ విమర్శకులు దాన్ని ఉత్తమ చిత్రమన్నారు, న్యూయార్క్ వాళ్ళు ఆయన్ని ఉత్తమ దర్శకుడన్నారు. 2017 ఫిబ్రవరిలో అదే ఆస్కార్ ఉత్తమ చిత్రమయింది. డబ్బు లేనివాడికి, పెద్ద కంపెనీ అండ లేనివాడికి ముందుమాట ఎంత అండో ఇందులో కనపడుతుంది. కత్తి ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

మరి మన దగ్గర ఆ ముందుమాట ఎవరిది? 1964లో ప్రభుత్వం నంది అవార్డులు పెట్టింది. ఉగాదికి ఇవ్వటం ఆనవాయితీ. అందులో ఉత్తమ సినీ విమర్శకుడికీ ఒక నంది ఉండేది. గమనించండి, అక్కడ విమర్శకుడు అవార్డు ఇచ్చేవాడు. ఇక్కడ విమర్శకుడు అవార్డు పుచ్చుకునేవాడు. సర్కారు చేతిమీదుగా శాలువా కప్పించుకునేవాడు సర్కారు జాబితా కంటే ముందు నోరెట్లా విప్పుతాడు? పత్రికల అవార్డుల్లోనూ అంతే. 2024 ఆగస్టులో హైదరాబాదులో జరిగిన ఫిల్మ్‌ఫేర్ వేడుకలో బలగం ఉత్తమ చిత్రం, బేబీ విమర్శకుల ఉత్తమ చిత్రం. రెండూ ఒకే రాత్రి, ఒకే వేదిక. విమర్శకుల మాట వేరుగా వినపడే వ్యవధే లేదు.

ఇక ఆలస్యం సంగతి. 2012, 2013 నందులు ప్రకటించింది 2017లో. అదే ఏడాది నవంబరులో 2014, 2015, 2016 మూడేళ్ళవీ ఒక్కసారే ప్రకటించారు. గొడవలయ్యాయి, తర్వాత ఏళ్ళ తరబడి సినిమా నందుల ఊసే లేదు. తెలంగాణలో 2025 మే నెలాఖరున గద్దర్ పేరుమీద అవార్డులు ప్రకటించి జూన్ 14న ఇచ్చారు. 2024కి ఉత్తమ చిత్రం కల్కి 2898 ఏడీ. రాష్ట్రం ఏర్పడిన 2014 నుంచి 2023 దాకా ఉత్తమ చిత్రాలనీ అప్పుడే కలిపి ప్రకటించారు. పదేళ్ళ తర్వాత చెప్పే తీర్పు ఏ సినిమాని బతికిస్తుంది? ఒరేయ్ రిక్షా పాటకి నంది ఇస్తే వద్దన్న మనిషి గద్దర్. ఆయన పేరే ఇప్పుడు అవార్డుకి పెట్టారు. పేరు దళితుడిది, ఎంపిక మాత్రం ఎప్పటిలాగే పైనుంచి.

ఈ ఆలస్యానికి నష్టపోయేది పెద్ద హీరోల సినిమాలు కాదు. వాటి తీర్పు మొదటి శుక్రవారమే కలెక్షన్లలో తేలిపోతుంది. పలాస 1978 మీద కులం ఎట్లా స్వారీ చేసిందో చెప్పిన కరుణకుమార్ సినిమా 2020 మార్చి 6న వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే కరోనాకి హాళ్ళు మూతపడ్డాయి. ఆ ఏడాది డిసెంబరులో ఒక విమర్శకుల సంఘం లేచి ఇది చూడండి అని గట్టిగా చెప్పి ఉంటే దాని బతుకు వేరుగా ఉండేది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన కలర్ ఫొటో కులాన్ని రంగులో పెట్టి చెప్పింది. దానికి జాతీయ అవార్డు ప్రకటించింది 2022 జులైలో. అప్పటికి దాని గురించి జరగాల్సిన వాదమంతా చల్లారిపోయింది.

సమావేశాల్లో మమ్మల్ని అడుగుతుంటారు: కూలీ రేట్లు, భూమి, దాడులు ఉండగా సినిమా అవార్డులు దళితుల సమస్యా ఏంది? వాళ్ళకి మా జవాబు చుండూరు. 1991 జులైలో సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ఒక అగ్రకులం అబ్బాయికి తగిలిందన్నారు. అక్కడ మొదలైన తగువు సాంఘిక బహిష్కరణ అయింది. ఆగస్టు 6న, ఊళ్ళో పోలీసులుండగానే, ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. సినిమాహాలు కులం లేని చీకటి గది కాదని మా జిల్లాలకి అంత ఖరీదుతో తెలిసింది. నేల టిక్కెట్టుతో పరిశ్రమని పోషించినవాడికి ఆ హాల్లో కాలు చాపే హక్కు లేకపోతే, ఏ సినిమా గొప్పదో చెప్పే హక్కు ఎవరిస్తారు? ఆ రెండు హక్కులూ వేరువేరు కావు.

అందుకని మేమొక పని ప్రతిపాదిస్తున్నాం. మిరపకోతలు ముగిసి, కూలికి పోయినవాళ్ళు ఇళ్ళకి చేరే మే నెలలో, కాలేజీ పిల్లలూ, టీచర్లూ, సంఘాలవాళ్ళూ కలిసి పేటల్లో సినిమాలు వేయాలి. ఆ ఏడాది తెలుగు సినిమాల గురించి మూడు ప్రశ్నలడగాలి. ఇందులో పని చేసే చేతులు ఎవరివి, అవి కనపడ్డాయా? మనవాడు చచ్చింది ఎవరికి బుద్ధి రావటానికి? చివర్లో మాట ఎవరిది? జనం చెప్పిన జవాబుల్ని కారణాలతో సహా రాసి, సర్కారు జాబితా కంటే ముందే అచ్చేయాలి. షీల్డు వద్దు, శాలువా వద్దు. ఆగస్టు 6న ఎందుకు పెట్టకూడదని కొందరు మిత్రులన్నారు. వద్దు. అది పోయినవాళ్ళని తలుచుకునే రోజు, దాన్ని పండగ చెయ్యొద్దు.

మొదటేడు పది పేటల్లో జరిగినా చాలు. తప్పులు దొర్లుతాయి, వాదాలు వస్తాయి, రానివ్వండి. కళ్ళంలో తాలు ఏరే ఆవిడకి ఏ కాయ ఏదో చూడగానే తెలుసు. ఆమెని ఇంతదాకా ధర మాత్రం అడగలేదు. ఈ మేలో అడుగుదాం.