బురఖా అట్ట, కరువు పేజీలు

అఫ్గానిస్తాన్ మీద ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాల అట్టలు చాలావరకు ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. నీలి బురఖా, వెనక మట్టిగోడ, ముఖం కనిపించని స్త్రీ. 2001లో అమెరికా అక్కడ బాంబులు వేయడం మొదలుపెట్టాక ఇలాంటి పుస్తకాలు వరస కట్టాయి. ఆ నవంబరులోనే అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ, ఆ యుద్ధం స్త్రీల హక్కుల కోసం కూడానని చెప్పింది. ముస్లిం స్త్రీలను రక్షించాలన్న ఈ ఆత్రం ఎవరికి పనికొస్తోందని మానవశాస్త్రవేత్త లైలా అబూ-లుఘోద్ 2002లో నిలదీసింది. ఆ ప్రశ్నను వదలకుండానే ఈ పుస్తకాలు చదవాలి. అయితే బెళుగుప్ప లాంటి కరువు సీమలో చదివేవాళ్లకు ఇంకో ప్రశ్న కూడా తోస్తుంది. ఆ అట్ట లోపలి ఆకలిని ఎంతమంది చదివారు?

ఖాలెద్ హొసేనీ నవల 'ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్' 2007లో వచ్చింది. హొసేనీ చిన్నతనంలోనే, 1976లో, కుటుంబంతో కాబూల్ వదిలి వెళ్లినవాడు. మరియం, లైలా అనే ఇద్దరు సవతుల స్నేహం, భర్త రషీద్ చేతి దెబ్బలు, చివరికి మరియం చేసిన త్యాగం గురించి అందరూ రాశారు. కానీ కథను మలుపు తిప్పేది 2000 నాటి కరువు. వరసగా మూడో ఏడాది వానల్లేక కాబూల్ నది ఎండిపోతుంది. రషీద్ చెప్పుల దుకాణం కాలిపోతుంది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నా సంపాదించే వీల్లేదు. తిండి పెట్టలేక కూతురు అజీజాను అనాథాశ్రమంలో వదులుతారు. ఆ పిల్లను చూడడానికి మగతోడు లేకుండా బయల్దేరిన లైలాను తాలిబాన్లు దారిలో పట్టుకుని కొడతారు. వాన లేకపోవడం, పని చేసుకునే హక్కు లేకపోవడం, రెండూ కలిసి తల్లినీ బిడ్డనూ విడదీశాయి. నా దృష్టిలో నవలకు గుండెకాయ ఈ పేజీలే.

ముంగారు విత్తనానికి ముందు మా ఊళ్లో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని శనక్కాయలు వలుస్తారు. ఒక ఏడు అక్కడ ఈ కథ చెప్పాను. బురఖా గురించి ఎవరూ అడగలేదు. "ఆడ ఎన్నేండ్లు వాన పడల్యా మేడమ్?" అని ఒక పెద్దామె అడిగింది. మూడేళ్లన్నాను. పక్కనున్నామె చేతిలో కాయ పక్కన పెట్టి, "మగోడు ల్యాకుండా బయటికి పోగూడదంటే, మొగుడు సచ్చినామె యాడికి పోయి కూలి చేసుకుంటాది?" అంది. నేను చదివిన సమీక్షల్లో ఈ ప్రశ్న ఎక్కడా లేదు.

ఆ ప్రశ్న ఆమెకు ఊరికే రాలేదు. 2004 నాటి 421 జీవో ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ఇవ్వాల్సి ఉండేది. పాస్‌బుక్కు లేని కౌలు రైతు చనిపోతే, అతను రైతేనని నిరూపించడమే భార్యకు పెద్ద పనయింది. మగవాడి పేరున కాగితం లేకపోతే ఆమె దుఃఖం లెక్కలోకి రాలేదు. అక్కడ మహ్రమ్, అంటే వెంట వచ్చే భర్తో దగ్గరి రక్తసంబంధీకుడో లేకపోతే ఆమెకు బజారే లేదు.

పోలిక ఇంతవరకే. ఇక్కడామె ఆఫీసు మెట్లెక్కి అడగగలదు, ధర్నాలో కూర్చోగలదు, కూతుర్ని హైస్కూలుకు పంపగలదు. 2021 ఆగస్టులో తాలిబాన్లు మళ్లీ కాబూల్‌లోకి వచ్చాక ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేకుండా చేశారు. 2022 డిసెంబరులో యూనివర్సిటీల తలుపులూ మూశారు. 2024 ఆగస్టు చట్టం ఇంటి బయట స్త్రీ గొంతు వినిపించడాన్నే తప్పుగా చూసింది. 'ఎక్కడైనా ఆడవాళ్ల బతుకు ఒకటే' అంటే ఈ తేడా కనిపించదు. 'వాళ్లకంటే మనం నయం' అంటే మన పాస్‌బుక్కుల సంగతి మరుగున పడుతుంది. ఈ రెండు మాటలూ పుస్తకాన్ని చదవనక్కర్లేకుండా చేస్తాయి.

ఇక ఎవరి కథ ఎవరు చెబుతున్నారన్న సంగతి. నార్వే విలేకరి ఓస్నె సెయర్‌స్టాడ్ కాబూల్‌లో ఒక పుస్తకాల వ్యాపారి ఇంట్లో అతిథిగా ఉండి 'ది బుక్‌సెల్లర్ ఆఫ్ కాబుల్' (2002) రాసింది. కథనంలోంచి తనను తాను తప్పించుకుని, ఆ ఇంటి ఆడవాళ్ల మనసులో మాటల్ని నవలలా చెప్పింది. పేర్లు మార్చినా అది ఎవరి కుటుంబమో బయటపడింది. వ్యాపారి రెండో భార్య దావా వేస్తే 2010లో ఓస్లో కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది, 2011లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పులెలా ఉన్నా విమర్శకు ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంటి పెత్తనాన్ని బయటపెట్టాల్సిందే. కానీ రాసినామె విమానం ఎక్కాక, అదే ఇంట్లో బతకాల్సిన స్త్రీకి పూచీ ఎవరు? కరువు మీద రాయడానికి మన ఊళ్లకు వచ్చిపోయేవాళ్లను కూడా ఈ మాట అడగాలి.

అక్కడి స్త్రీలు తమ మాట తామే చెప్పుకోలేదా అంటే, చెప్పుకున్నారు. తాలిబాన్ల మొదటి పాలనలో హెరాత్ స్త్రీలు కుట్టుపని నేర్చుకునే వంకతో ఒకచోట చేరి సాహిత్యం చదువుకున్నారు. వారిలో ఒకరైన నాదియా అంజుమన్ కవితా సంపుటి 'గుల్-ఎ-దూదీ' 2005లో వచ్చింది. ఆ నవంబరులోనే, భర్త కొట్టిన తర్వాత, పాతికేళ్లు నిండకుండానే చనిపోయింది. అప్పుడు కాబూల్‌లో తాలిబాన్లు లేరు, అమెరికా సైన్యం ఉంది. రక్షణ కథనానికి ఈ ఒక్క చావు చాలు జవాబుగా.

2022లో 18 మంది అఫ్గాన్ రచయిత్రుల కథలు 'మై పెన్ ఈజ్ ది వింగ్ ఆఫ్ ఎ బర్డ్' పేరుతో వచ్చాయి. దరీ, పష్తో భాషల్లో వాళ్లు రాసుకున్నవాటికి అనువాదాలివి. ఫరిష్తా ఘనీ కథ పేరు 'డాటర్ నంబర్ ఎయిట్'. ఎనిమిదో కూతురు అన్న మాటకు మన దగ్గర ఏ ఆడమనిషికీ అర్థం చెప్పనక్కర్లేదు. అఫ్గాన్ సాహిత్యం నుంచి తెలుగులోకి ఏం తెచ్చుకోవాలని ఎవరైనా అడిగితే ముందు ఈ కథలంటాను. తెచ్చేవాళ్లు అట్ట మీద బురఖా బొమ్మ మాత్రం వేయొద్దని అడుగుతాను.