రెండు స్త్రీరాజ్యములు

కనుమనాడు అంబాజీపేట చేరువనున్న మొసలపల్లి జగ్గన్నతోటలో పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలనెక్కి వచ్చి కొలువుదీరుదురు. వ్యాఘ్రేశ్వరస్వామి అధ్యక్షుడు, మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథేయుడు. ఆనాడు వారందఱును గూడి లోకకల్యాణమును గూర్చి యాలోచింతురని కోనసీమ ప్రజల నమ్మకము. రాజులేని యీ సభ మాకు మిక్కిలి ప్రియమైనది. ఊరికొక పీఠము, అధ్యక్షుని ప్రభ రాగానే తక్కిన ప్రభలను పైకెత్తి గౌరవింతురు, అంతకుమించిన దొరతనము లేదు. మంచి రాజ్యమెట్లుండవలెనో యూహించుటకు మనవారు ప్లేటో రాకకై వేచియుండలేదు. అయినను పదునొకండు పీఠములును పురుషదేవతలవే. భక్తుల యాచారమును తప్పుపట్టుట మా యుద్దేశము గాదు. రాజ్యమును కల్పించువారెవరో, ఆ రాజ్యములోని పీఠములు తఱచుగా వారివారికే దక్కుననుట మా మాట.

ఈ క్రమమును తలక్రిందుచేసిన తెలుగు గ్రంథమొకటి గోదావరి యొడ్డుననే పుట్టినది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1890వ దశకములో రచించిన 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' అది. స్విఫ్టు 1726లో ప్రకటించిన గల్లివరు యాత్రలను జూచి పంతులుగారు దీనిని వ్రాసిరని మన విమర్శకులు చెప్పి యూరకుందురు. కాని స్విఫ్టు కథలో స్త్రీలేలు దేశము లేదు. సత్యరాజాచార్యులు చేరిన ఆడుమళయాళము పంతులుగారి సొంత సృష్టి.

ఆ దేశమున అధికారము స్త్రీలది, అణకువ పురుషులది. పాతివ్రత్యమునకు మాఱుగా పత్నీవ్రతము పరమధర్మము. 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహమును జరిపించి బంధువుల యాగ్రహమును, ఊరివారి నిందలను మోసిన చేతినుండి వచ్చిన హాస్యమిది. కావుననే దీనిలో వేడి యున్నది. భార్యకు విధించిన ధర్మములనే భర్తకు విధించి చదివించినచో పురుషపాఠకుడు మొదట నవ్వును, పిదప ఆ నవ్వు గొంతున నడ్డుపడును. ఆ ధర్మములనే పుట్టినది మొదలు వినుచున్న గృహిణికి నవ్వెందుకు రాలేదని యతడు యోచింపక తప్పదు. ఉపన్యాసములు పది చేయలేని పనిని ఈ యొక్క తాఱుమాఱు చేయును.

అయినను మేమొక మాట చెప్పవలసియున్నది. ఆడుమళయాళము అద్దమేగాని యిల్లు గాదు. అందు ఏలెడువారు మాఱిరి, ఏలుబడి మాఱలేదు. ఒకరు ఆజ్ఞాపించుట, మఱియొకరు తలవంచుట యథాప్రకారము సాగుచున్నవి. ఆ దేశము పురుషునికి దుర్భరముగా తోచుటయే రచయితకు కావలసినది గనుక, దానిని నివాసయోగ్యముగా దిద్దవలసిన యక్కఱ ఆయనకు లేకపోయెను. స్త్రీకి నిజముగా అధికారము వచ్చినచో ఆమె యేమి చేయగోరునను ప్రశ్న ఆ గ్రంథములో లేదు. బాలికలకు పాఠశాల పెట్టి, సతీహితబోధినిని నడపిన మహనీయుడే యీ ప్రశ్న నడుగకపోవుట గమనింపదగినది.

ఆ ప్రశ్నకు ఉత్తరము 1905లో మదరాసున అచ్చయినది. బెంగాలుకు చెందిన బేగం రొకెయా సఖావత్ హుస్సేను ఇంగ్లీషున వ్రాసిన 'సుల్తానా స్వప్నము' ఇండియన్ లేడీస్ మేగజైనులో వెలువడెను. ఆ పత్రికాధిపతి కమలా సత్యనాథను రాజమహేంద్రవరమున పుట్టిన తెలుగు వనిత! పంతులుగారి యూరి యాడుబిడ్డ చేతిమీదుగా రెండవ స్త్రీరాజ్యము లోకమునకు వచ్చెనన్నమాట.

రొకెయాగారి దేశములో ముందుగా వచ్చినది విద్య. రాణి బాలికలందఱికి చదువు చెప్పింపుమనును. ఇరువదియొక యేడు నిండక పెండ్లి కూడదని శాసించును. స్త్రీల విశ్వవిద్యాలయములలో నొకటి మేఘములనుండి నీరు గ్రహించు నుపాయమును, మఱియొకటి సూర్యుని వేడిమిని కూడబెట్టు నుపాయమును కనిపెట్టును. ఆ వేడిమితోనే శత్రుసైన్యమును పాఱద్రోలుదురు, ఆ వేడిమితోనే వంట వండుదురు. పొగలేని వంటయింటిని రాజ్యాంగములో చేర్చిన కల్పన ఇంతకుమున్ను మాకు కానరాలేదు. సర్ థామస్ మోరు 1516లో నిర్మించిన యుటోపియాలో సైతము బానిసలుండిరి. వారికి బంగారు సంకెళ్లు. పొయ్యియొద్ద దగ్గుచు కూర్చుండినవారి చేతికి కలము వచ్చిననే గాని ఇట్టి వివరము పుట్టదు.

లోపములు లేకపోలేదు. పురుషులను మర్దానాలో మూసివైచి, శాంతి కలిగినదని రచయిత్రి సంతసించును. ఎదుటివారి హాస్యమునకిది తగిన బదులే. రాజ్యమునకు పునాది మాత్రము గాదు. రాణి తప్పినచో ఆమెను ఎవరు దింపుదురో తెలియదు. పాకీపని ఎవరు చేయుదురు అను ప్రశ్న రెండు దేశములలోను లేదు. ఆ ప్రశ్నను పాలేరు సంగదాసు కథగా ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో 'మాలపల్లి'లో నడిగిరి. దొరతనమువారు ఆ గ్రంథమును నిషేధించిరి. కల్పనకథలలో ఏది నిజముగా ప్రమాదకరమో ప్రభుత్వములు విమర్శకులకంటె ముందుగా గుర్తుపట్టును.

మఱి ఈ కల్పనలు నేటి మన యూళ్లలో ఎంతవఱకు దిగివచ్చినవి? 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగసవరణ పంచాయతీలలో మూడవవంతు పీఠములను స్త్రీలకిచ్చెను. 2011లో ఆంధ్రప్రదేశము దానిని సగము చేసెను. పీఠము వచ్చినది నిజమే. కాని యెన్నో గ్రామములలో సర్పంచి సంతకము చేయును, ఆమె భర్త సభ నడపును. దీనికంటె విచిత్రమైన దేశమును సత్యరాజాచార్యులు కూడ చూచియుండరు: పేరునకు స్త్రీరాజ్యము, తీరునకు పురుషరాజ్యము.

దీనికి మూలము ఆస్తిలో నున్నదని మా యభిప్రాయము. ఆడుమళయాళములోను, సుల్తానా స్వప్నములోను మా కన్నులు వెదకి కానలేకపోయినది ఆస్తి పంపకమును గూర్చిన యధ్యాయమే. ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు నిచ్చుచు ఆంధ్రప్రదేశము 1986లో శాసనము చేసెను. దేశమంతటికి ఆ హక్కు 2005లో వచ్చెను. అంబాజీపేట పరిసరములలో ఆస్తి యనగా కొబ్బరితోట. ఏ దింపునకెన్ని కాయలు దిగునో, బజారులో వేయి కాయల ధర యెంతో ఇంటి యాడువారికి నోటికి వచ్చును. ఆ తోటలో భాగమడిగిన యాడుబిడ్డను మాత్రము పుట్టిల్లు మఱచినదందురు. పసుపుకుంకుమలు పుచ్చుకొని సంతకము పెట్టినదానిని గుణవతి యందురు. ఈ రెండు మాటలలో ఏది చట్టమో, ఏది రాజ్యమో పాఠకులు తమ యింటి దస్తావేజుల పెట్టె తెఱచి చూచుకొనవచ్చును.