తోక దగ్గర తేలే తేడా

బొమ్మిడాయి పులుసు రుచి ఎరిగినవాళ్లు చాలామందే ఉంటారు. కానీ తట్టలో ఉన్నది ఏ బొమ్మిడాయి అని అడిగేవాళ్లు అరుదు. తెలంగాణ పల్లెల్లో పాపెర అని కూడా పిలిచే ఈ చేప సన్నగా, పొడుగ్గా, జారుడుగా, కోసు మూతితో పాములా ఉంటుంది. వలలో ఎన్ని పడ్డా అన్నిటినీ కలిపే తూస్తారు. కూరకు ఆ గుర్తింపు సరిపోతుంది. చెరువులో ఏముందో తెలియాలంటే మాత్రం సరిపోదు. గోదావరి పరీవాహకంలో ఈ ఒక్క పేరు కింద కనీసం మూడు జాతులు తిరుగుతున్నాయి. మాస్టసెంబెలస్ ఆర్మేటస్, మాక్రోగ్నేథస్ పంకాలస్, మాక్రోగ్నేథస్ ఆరాల్ అన్నవి వాటి శాస్త్రీయ నామాలు.

ముందుగా మలుగుపామును పక్కన పెట్టాలి. అది అసలైన ఈల్. పెరిగేది నదుల్లో, గుడ్లు పెట్టేది సముద్రంలో. దాని వీపు మీద ముళ్లుండవు. బొమ్మిడాయి వీపు మీద తల వెనక నుంచి విడివిడిగా చిన్న ముళ్లు వరుసగా ఉంటాయి. మామూలుగా అవి చర్మం మీదికి వాలి ఉంటాయి. చేప బెదిరినప్పుడు నిక్కబొడుచుకుంటాయి, ఒడుపు తెలియని చేతిని గీరేస్తాయి. ఒంటి తీరు మలుగును తలపించినా వంశం వేరు.

మూడింటినీ విడదీయడానికి మొదట చూడాల్సిన చోటు తోక. చేపను నీళ్లున్న పళ్లెంలో పెట్టి రెక్కలు విచ్చుకోనివ్వాలి. వీపు రెక్క, కింది రెక్క వెనక్కి సాగి తోక రెక్కలో కలిసిపోతే అది ఆర్మేటస్. రెంటికీ తోకకూ మధ్య ఖాళీ ఉండి తోక రెక్క విడిగా కనిపిస్తే పంకాలస్ కావచ్చు, ఆరాల్ కావచ్చు. చేప తాజాగా ఉంటే ఈ పరీక్షకు భూతద్దం కూడా అక్కర్లేదు. రెక్కలు చిరిగిన చేపతోనే చిక్కు.

రెండో పరీక్ష ముళ్ల లెక్క. సన్నని సూదితో తోక వైపు నుంచి తల వైపుకు ఒక్కో ముల్లునూ లేపుతూ పోవాలి. తల దగ్గరివి బాగా చిన్నవి, చివరిది ఒక్కోసారి చర్మం కిందే దాగి ఉంటుంది. తొందరపడితే లెక్క తప్పుతుంది. ఆర్మేటస్‌కు 32 నుంచి 40 దాకా, పంకాలస్‌కు 24 నుంచి 26 దాకా, ఆరాల్‌కు 16 నుంచి 23 దాకా ముళ్లుంటాయి. వీటి వెనక వచ్చే మెత్తని కిరణాలను ఈ లెక్కలో కలపకూడదు.

మూడోది మూతి. ఆరాల్ మూతి కొస కండలా ముందుకు సాగి ఉంటుంది. దాన్ని వెల్లకిలా తిప్పితే అడుగున జతలు జతలుగా చిన్న పంటి పలకలు కనిపిస్తాయి. పంకాలస్‌కు ఇవి ఉండవు. ఈ పలకలే ఒక పాత పొరపాటును బయటపెట్టాయి. మన పుస్తకాల్లో చాలాకాలం ఆరాల్‌ను మాక్రోగ్నేథస్ అక్యులియేటస్ అని రాస్తూ వచ్చారు. అదే పేరుతో పిలిచే ఆగ్నేయాసియా చేపలకు 38 నుంచి 55 జతల పలకలుంటే, మన చేపలకు 14 నుంచి 28 జతలే. 1980లో చేపల శాస్త్రవేత్త టైసన్ రాబర్ట్స్ ఈ ప్రజాతిని తిరిగి పరిశీలించి అక్యులియేటస్ ఆగ్నేయాసియాదని, మనది ఆరాల్ అని తేల్చాడు. పంకాలస్‌ను కూడా తర్వాత మాస్టసెంబెలస్ నుంచి తీసి మాక్రోగ్నేథస్‌లో చేర్చారు.

రంగును, పొడవును మాత్రం చివరికే ఉంచాలి. ఆర్మేటస్ మీద వంకరటింకర నల్లచారలు, ఆరాల్ వీపు రెక్క అడుగున కంటిపాపల వంటి మచ్చలు, పంకాలస్ ఒంటి మీద లేతపసుపు చుక్కలు ఉంటాయి. ఇవి మంచి గుర్తులే. కానీ నీటిని బట్టి, వయసును బట్టి మారతాయి, ఫార్మలిన్ సీసాలో వెలిసిపోతాయి. పొడవు ఇంకా మోసం చేస్తుంది. ఆర్మేటస్ 90 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. జానెడు కూడా దాటని పంకాలస్ పక్కన పిల్ల ఆర్మేటస్‌ను పెడితే రెండూ ఒక ఈడువే అనిపిస్తాయి. మళ్లీ తోక చూడాల్సిందే.

ఈ విద్యలో జాలరులకూ వాటా ఉంది. పగలంతా ఇసుకలో, బురదలో దూరి రాత్రి మేతకు వచ్చే ఈ చేప ఎక్కడ దొరుకుతుందో, దానికి ఏ ఎర పెట్టాలో వాళ్లకు తెలుసు. జాలరుల మాటకు శాస్త్ర గ్రంథంలో చోటు దక్కిన సందర్భమూ ఉంది. ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో 200 చేపలకు బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా 1803లో అచ్చువేయించాడు. పేరుతో పాటు బొమ్మ ఉండబట్టే తర్వాతి శాస్త్రవేత్తలు అతడు చూసిన చేప ఏదో పోల్చుకోగలిగారు.

కామారెడ్డి జిల్లాలోని పిట్లం ప్రాంతానికి ఇదెందుకు పట్టాలి? దగ్గరలోనే మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉంది. ఏళ్ల తరబడి చేరిన పూడిక జలాశయం నిల్వను తగ్గించింది, నేలను మార్చింది. ప్రభుత్వం చెరువుల్లో వదిలే పిల్లల్లో ఎక్కువగా ఉండేవి బొచ్చె, రోహు, మృగాల. బొమ్మిడాయి మాత్రం ఎవరూ వేయకుండా తనంత తాను పుట్టి పెరిగే చేప. కాబట్టి నీరు, నేల ఎలా ఉన్నాయో చెప్పడానికి అది పనికొస్తుంది. అయితే అన్నిటినీ ఒకే పేరు కింద రాసుకుంటే ఆ సాక్ష్యం చెల్లదు. పెద్ద జాతి తగ్గిపోయి చిన్న జాతి పెరిగిందనుకుందాం. లెక్కలో కిలోలు అలాగే ఉండొచ్చు, మార్పు ఎవరికీ తెలియదు. మత్స్య సహకార సంఘం రిజిస్టరులో బొమ్మిడాయి గడిని తోక కలిసినవి, తోక విడిగా ఉన్నవి అని రెండుగా చీల్చి రాస్తే ఆ మార్పు అంకెల్లో కనిపిస్తుంది. సూది, భూతద్దం పని కళాశాల విద్యార్థులకు అప్పగించొచ్చు. తోక చూసే పని మాత్రం గట్టు మీద, చేప తాజాగా ఉన్నప్పుడే జరగాలి. అందుకు జాలరి కన్ను చాలు.