నీటి లెక్క తెలిసిన చేయి

తిరువూరు, విస్సన్నపేట, నూజివీడు చుట్టూ ఉన్న మామిడితోటల సీమలో ఎండాకాలం రెండు పనులకు అదను. ఒకటి ఆవకాయ పెట్టుకోవడం, రెండోది వానలు పడకముందే ఇంటికి స్లాబు పోయించుకోవడం. మొదటిది వంటింటి విద్య, రెండోది తాపీమేస్త్రి విద్య. అయినా రెండింటిదీ ఒకటే కుదురు. కలపడం ఒక్క పూట పని. ఊరడమైనా, గట్టిపడడమైనా ఆ తర్వాత రోజుల తరబడి జరుగుతుంది. ఆ రోజుల్లో పని నిలిచేదీ చెడేదీ ముఖ్యంగా నీళ్ల వల్లే. ఎప్పుడు ఎన్ని నీళ్లుండాలో, ఎప్పుడు చుక్క కూడా తగలకూడదో తెలియడమే రెండుచోట్లా పనితనం.

కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. తడారిపోతే ఆ చర్య ఆగిపోతుంది. ఆ కలయికకు సిమెంటు బరువులో దాదాపు నాలుగో వంతు నీళ్లు చాలు. కానీ అంత తక్కువైతే మాలు పారకు లొంగదు, ఊచల మధ్యకు దిగదు. అందుకే కొంత ఎక్కువ పోయక తప్పదు. ఆ మిగులు నీరు ఆవిరైపోతూ లోపల సన్నటి రంధ్రాలు వదిలి వెళ్తుంది. నీరు, సిమెంటుల నిష్పత్తి పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని డఫ్ అబ్రామ్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1918లోనే ప్రయోగాలతో చూపాడు. మన ఐఎస్ 456:2000 ప్రమాణం ప్రకారం ఊచలు వేసిన కాంక్రీటుకు మామూలు పరిస్థితుల్లో కూడా ఈ నిష్పత్తి 0.55 దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకు, ఇసుకలోని చెమ్మతో కలిపి, 27.5 లీటర్లే. పని తొందరగా తెమలాలని పోసే అదనపు బకెట్టు స్లాబు బలాన్ని తినేస్తుంది. పోసి గట్టిపడ్డాక మాత్రం లెక్క తిరగబడుతుంది. గట్లు కట్టి నీళ్లు నిలబెట్టాలి. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటైతే కనీసం 7 రోజులు, పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటు) అయినా, ఎండలు మండుతున్నా కనీసం 10 రోజులు తడి ఆరకూడదు.

ఆవకాయలో ఇదే లెక్క తలకిందులుగా నడుస్తుంది. తినడానికి పేరుపడ్డ బంగినపల్లి దీనికి పనికిరాదు. పులుపూ పీచూ ఉండి, టెంక ముదిరిన కాయ కావాలి. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, టెంకతో సహా కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీసేస్తారు. ఇంత శ్రద్ధా పైతడి పోవడానికే. ఆ తర్వాత ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఊట దిగుతుంది. కానీ అది ఉప్పు పట్టేసిన నీరు కనుక కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు అక్కరకు రాదు. పైకి తేలిన నూనె గాలిని అడ్డుకుంటుంది. మూడో రోజున తిరగకలిపి ఉప్పు చూడడం ఆచారం కోసం కాదు, ఊట ఎంత దిగిందో, ఉప్పు అంతటా పట్టిందో లేదో తేల్చుకోవడానికి. ఒకే రోహిణికార్తె ఎండలో స్లాబును తడిగా, జాడీని పొడిగా కాపాడుకోవాలి.

అమెరికాలో బూర్బన్ విస్కీ చేసేవాళ్లూ ఇలా ఆగే కాలపు లెక్కను తప్పించుకోలేరు. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలనీ, లోపలివైపు మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ చేయాలనీ, పీపాలోకి వెళ్లేటప్పుడు మద్యసారం 62.5 శాతం మించకూడదనీ అక్కడి చట్టం. వేసవి వేడికి ద్రవం చెక్కలోకి చొరబడి, చలికి వెనక్కి వస్తూ రంగూ రుచీ తెచ్చుకుంటుంది. ఏటా కొంత ఆవిరైపోతుంది. 'స్ట్రెయిట్' అనిపించుకోవాలంటే కనీసం 2 ఏళ్లు పీపాలో ఉండాలి. అక్కడ ఆగిన కాలానికి చట్టంలో పేరుంది, ధరలో వాటా ఉంది.

రెడీమిక్స్ లారీలూ పచ్చళ్ల ఫ్యాక్టరీలూ వచ్చాక చేతిపని గొప్ప ఏమిటని అడగవచ్చు. కొలతలో యంత్రానిదే పైచేయి, ఒప్పుకోవాలి. అయితే లారీ వెళ్లిపోయాక స్లాబును తడపాల్సింది మనిషే. సీసా మూత తీశాక తడి గరిటె పడకుండా చూడాల్సిందీ మనిషే. పాతదల్లా మంచిదని కూడా ఈ వాదన చెప్పదు. నెలల తరబడి మూలపడ్డ సిమెంటు బస్తా గాలిలోని చెమ్మ పీల్చి చచ్చుబడుతుంది. ఆగడం ఒక్కటే విద్య కాదు, ఎలాంటి స్థితిలో ఆగాలో తెలియాలి.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. పచ్చడి చెడితే జాడీ పారబోస్తాం, స్లాబు చెడితే ప్రాణాలు పోతాయి, రెంటినీ ఒక గాటన కట్టడం తగునా? తగదు, పోలిక ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆవకాయ తప్పును బూజూ వాసనా బయటపెడతాయి. కాంక్రీటు తప్పు పైపూత కింద ఏళ్లకేళ్లు దాగుతుంది. అందుకే 150 మిల్లీమీటర్ల దిమ్మలు పోసి, 28వ రోజున మిషనులో నొక్కి చూసే పరీక్ష పుట్టింది. ఎంత చేయి తిరిగిన మేస్త్రికైనా కొలత బకెట్టు అవమానం కాదు, ఆయన అనుభవానికి అదే సాక్ష్యం. కూలి లెక్క మారాల్సిందీ ఇక్కడే. పోసిన రోజుకే డబ్బిచ్చి, ఆ తర్వాతి 10 రోజుల తడిపే పనిని ఎవరికీ చెందని పనిగా వదిలేస్తే మంచి సిమెంటు కొన్నా ఫలితం దక్కదు. స్లాబు పోయించేవాళ్లు ఆ రోజులకూ ఒక మనిషిని పెట్టి, కూలి ముందే ఒప్పందంలో రాసుకోవాలి.