ముప్ఫై డిగ్రీల వాలు మీద నిలిచిన విస్ఫోటనం

అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి పత్రికలో 2021 మే నెలలో ఒక పరిశోధన పత్రం వచ్చింది. అందులోని ఫోటోలు చూస్తే మొదట ఆశ్చర్యపోవడానికి ఏమీ కనిపించదు. ఒక గొట్టం, దాని అడుగున ముప్ఫై డిగ్రీల వాలుతో ఒక ర్యాంపు, ఆ వాలు మీంచి ఏటవాలుగా లేచిన ఒక గీత, గీతను అంటుకుని వెలుగు. వరుసగా తీసిన ఫోటోలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే విశేషం తెలుస్తుంది. ఆ గీత ఉన్నచోటనే ఉంది, మూడు సెకన్ల పాటు. ఆ గీత పేరు డిటొనేషన్. బాంబు పేలినప్పుడు పుట్టేదీ, కొన్ని నక్షత్రాలు బద్దలైనప్పుడు పుడుతుందనుకునేదీ ఈ జాతి తరంగమే. కదలడమే దాని స్వభావం. దాన్ని ఒకచోట నిలబెట్టినవారు ఓర్లాండోలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కరీం అహ్మద్ నడిపే బృందం, వారితో కలిసి పనిచేసిన అమెరికా నౌకాదళ పరిశోధనశాల శాస్త్రవేత్తలు. పత్రం మీద మొదటి పేరు డేనియల్ రొసాటోది.

మామూలు మంట పక్కనున్న వాయువుకు వేడిని అందిస్తూ పాకుతుంది. డిటొనేషన్ నడక వేరు. ముందు ఒక షాక్ తరంగం వచ్చి వాయువును ఒక్క దెబ్బతో నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకు పుట్టిన వేడితో వాయువు తనంతట తానే అంటుకుంటుంది. అంటుకున్న వాయువు విడుదల చేసిన శక్తి ఆ షాక్‌ను బలహీనపడనివ్వకుండా వెనక నుంచి తోస్తూ ఉంటుంది. షాక్ మంటను పుట్టిస్తుంది, మంట షాక్‌ను పోషిస్తుంది. గది ఉష్ణోగ్రతలో, సరైన పాళ్లలో కలిసిన హైడ్రోజన్, గాలి మిశ్రమంలో ఈ జంట సెకనుకు దాదాపు 1970 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. హైడ్రోజన్ పాలు తగ్గితే ఈ వేగమూ తగ్గుతుంది.

ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీన్ని గొట్టాలలో కనిపెట్టింది 1880లలో. చాప్‌మన్ 1899లో, జూగే 1905లో దాని వేగానికి లెక్క కట్టారు. అదే ఇంధనాన్ని మామూలుగా మండించడం కన్నా డిటొనేషన్‌తో మండిస్తే ఎక్కువ పని రాబట్టవచ్చని సోవియట్ శాస్త్రవేత్త జెల్దోవిచ్ 1940లోనే చూపించాడు. అంటే లాభం ఉందని తెలిసి ఎనిమిది దశాబ్దాలు దాటింది. దాన్ని ఇంజిన్‌లో కట్టి ఉంచడం ఎలాగన్నదే ఇంకా తేలని సంగతి.

తరంగం ముందుకు పరుగెడుతోంది కనుక, దానికి ఎదురుగా అంతే వేగంతో వాయువును పంపితే అది మన కంటికి నిలిచినట్టుంటుంది. కాలువ తూము తలుపు కింద నుంచి ఉరికే నీళ్లు కొంతదూరం పోయి ఒక్కసారిగా పైకి లేచి నురగలు కక్కే చోటు ఉంటుంది చూశారా, ఆ నురగల గట్టు కదలదు, అందులోని నీళ్లు మాత్రం క్షణక్షణం మారిపోతుంటాయి. ఇక్కడా అంతే. అయితే తరంగాన్ని నిటారుగా నిలబెడితే రెండు వేగాలూ కచ్చితంగా సరితూగాలి. రవ్వంత అటూ ఇటూ అయితే తరంగం ఎదురెక్కి వెళ్తుంది, లేదా కొట్టుకుపోతుంది. ఏటవాలుగా నిలబెడితే ఆ ఇరుకు కాస్త సడలుతుంది. ప్రవాహ వేగంలో తరంగానికి లంబంగా ఉన్న భాగం మాత్రమే దాని వేగంతో సరిపోతే చాలు. ప్రవాహం కొంచెం మారితే తరంగం తన వాలును కొంచెం మార్చుకుని సర్దుకోగలదు. ర్యాంపు చేసే పని అదే. వాలు మరీ తక్కువైతే షాక్ బలహీనపడి వాయువు అంటుకోదు. మరీ ఎక్కువైతే తరంగం ర్యాంపును వదిలేసి ముందుకు జరిగిపోతుంది. ఆ రెంటికీ నడుమ ఒక సందు ఉంది. ఈ బృందం ముప్ఫై డిగ్రీలతో ఆ సందులో నిలిచింది.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మాత్రం ర్యాంపు కాదు, ర్యాంపుకు ముందు జరిగే పని. ఇలాంటి ఇంజిన్‌ను ఉద్దేశించింది హైపర్‌సోనిక్ విమానానికి, అంటే ధ్వనికి ఐదు రెట్లు మించి ఎగిరేదానికి. అది ఎదుర్కొనే గాలిలో అపారమైన శక్తి ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో పుట్టించాలంటే గాలిని ముందు బాగా వేడి చేయాలి. అంత వేడి గాలిలో హైడ్రోజన్ కలిపితే అది అక్కడే అంటుకునే ప్రమాదం ఉంది. అంటుకుంటే ప్రయోగం అంతటితో ముగిసినట్టే, ర్యాంపు దగ్గరికి చేరేది ఇంధనం కాదు, కాలిపోయిన వాయువు. ఈ చిక్కును విప్పేది నాజిల్. మధ్యలో సన్నబడి మళ్లీ వెడల్పయ్యే ఆ గొట్టంలో వాయువు వ్యాకోచిస్తూ ధ్వనికి ఐదు రెట్ల వేగానికి చేరుతుంది. ఆ వేగం దానికి ఎక్కడి నుంచి వచ్చింది? తన వేడి నుంచే. వేడిలో చాలా భాగం పరుగుగా మారిపోయి వాయువు చల్లబడుతుంది. చల్లబడిన వాయువులో హైడ్రోజన్ అంటుకోకుండా ప్రయాణిస్తుంది. ర్యాంపు దగ్గర షాక్ తగలగానే ఆ పరుగులో కొంత తిరిగి వేడిగా మారుతుంది, మిశ్రమం భగ్గుమంటుంది. వేడిని వేగంలో దాచి తెచ్చి, కావలసిన చోట, కావలసిన క్షణాన మళ్లీ వేడిగా బయటికి తీశారు. అక్కడ నిప్పంటించే స్పార్క్ ప్లగ్గుతో పని లేదు. కోణమే నిప్పు. ఇంత పొదుపైన ఆలోచన ఇంజిన్ల చరిత్రలో ఎక్కువసార్లు కనిపించదని నా నమ్మకం.

నిలిచింది నిజంగా డిటొనేషనే అని రుజువు చేయడం మరో పనితనం. ర్యాంపు మీద షాక్ ఏర్పడి, దాని వెనక కొంత ఎడంగా మంట రావచ్చు. చూపుకు అదీ ఇలాగే ఉంటుంది, కానీ అందులో ఆ రెండూ ఒకదాన్నొకటి పోషించుకోవు. తేడా పట్టుకోవడానికి వీరు రెండు రకాల చిత్రాలు తీశారు. ఒకటి షాడోగ్రాఫ్. సాంద్రత మారిన చోట కాంతి వంగి నీడ పడుతుంది కనుక షాక్ ఎక్కడుందో అది చూపిస్తుంది. రెండోది రసాయన చర్య జరిగే చోట పుట్టే కాంతిని పట్టే చిత్రం, మంట ఎక్కడుందో అది చెబుతుంది. షాక్, మంట విడదీయరాకుండా జతపడి ఉంటేనే అది డిటొనేషన్. ఆ పైన కంప్యూటర్‌లో ప్రవాహాన్ని విడిగా లెక్కించి, వచ్చిన ఆకారాన్ని ఫోటోలతో పోల్చి చూశారు. కంటితో చూసినదాన్ని అంత సులువుగా నమ్మకపోవడమే ఈ పత్రానికి బలం.

మూడు సెకన్లు తక్కువ అనిపించవచ్చు. ఇలాంటి తరంగాలను అంతకు ముందు మైక్రోసెకన్లలో, మిల్లీసెకన్లలో చూసేవారు. ఈ ప్రవాహం వేగం సెకనుకు కిలోమీటరు పైమాటే. అంటే ఆ మూడు సెకన్లలో మూడు కిలోమీటర్లకు మించిన పొడవున వాయువు ఆ గీతను దాటుకుంటూ పోయింది, గీత మాత్రం తన చోటు వదలలేదు. నిలిచిన డిటొనేషన్‌తో ఇంజిన్ చేయవచ్చా అని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో డన్‌లాప్, బ్రెమ్, నికోల్స్ 1958లోనే పత్రం రాశారు. వారికి ఈ ఫోటోలు చూపించగలిగితే ఎంత బాగుండేది!

మన దగ్గర జరుగుతున్న పనికి దీనితో చుట్టరికం ఉంది. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో ఒక స్క్రామ్‌జెట్ దహన గదిని నేల మీద వెయ్యి సెకన్లకు పైగా నడిపింది. అంకెలు చూసి ఈ రెంటినీ పోటీకి పెట్టడం న్యాయం కాదు. స్క్రామ్‌జెట్‌లో ఇంధనం ధ్వనిని మించిన ప్రవాహంలో కలుస్తూ, కలిసిన మేరకు మండుతూ పోతుంది. అందుకు పొడవైన గది కావాలి. గది పొడవు పెరిగేకొద్దీ చల్లబరచాల్సిన గోడ పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. డిటొనేషన్ అయితే మండడం అతి తక్కువ దూరంలో ముగుస్తుంది, గది చాలా పొట్టిదైనా సరిపోతుంది. బదులుగా అది ఇంకొకటి అడుగుతుంది. ఇంధనం గదిలోకి రాకముందే, విమానం ముక్కు దగ్గరే, గాలిలో చక్కగా కలిసిపోవాలి, కలిసినా దారిలో అంటుకోకూడదు. ప్రయోగశాలలో నాజిల్ తీర్చిన చిక్కు ఆకాశంలో మళ్లీ మొదటికి వస్తుంది, ఎందుకంటే అక్కడ గాలిని ఆ విధంగా చల్లబరిచే నాజిల్ ఉండదు.

ఇక ర్యాంపు కోణం. ప్రయోగశాలలో ప్రవాహ వేగం మన చేతిలో ఉంది. ఎగిరే విమానం వేగం పెంచుకుంటూ, ఎత్తు మారుతూ పోతుంది. ఒక వేగానికి సరిపోయిన ముప్ఫై డిగ్రీలు మరో వేగానికి సరిపోవాలని లేదు. ర్యాంపునే కదిలేలా చేయవచ్చు, కానీ అంత వేడిలో కదిలే కీలు, దాని చుట్టూ వాయువు చొరబడని అతుకు తయారుచేయడం సులువు కాదు. ఇంధనం పాలు మార్చి తరంగ వేగాన్నే ప్రవాహానికి తగ్గట్టు సర్దడం రెండో దారి. అందులో కదిలే భాగం ఇంధనం కవాటం ఒక్కటే కనుక నాకు ఆ దారి మీదే ఎక్కువ ఆశ.