సైబర్ భద్రత – ఇంటివద్ద ప్రయోగశాల

రసాయనశాస్త్రమును ప్రయోగశాల లేక నేర్పరాదని అందరును ఒప్పుకొందురు. సైబర్ భద్రతకు మాత్రము వీడియో ఉపన్యాసములు, చివర నాలుగు జవాబులలో ఒకటి గుర్తించు ప్రశ్నలు చాలునన్నట్లు పెక్కు ఆన్‌లైన్ తరగతులు సాగుచున్నవి. ఈ లోటు తీర్చబూనిన ప్రయత్నములలో ‘సీడ్ ల్యాబ్స్’ ముఖ్యమైనది. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయ ఆచార్యులు వెన్‌లియాంగ్ డూ దీనిని 2002లో ఆరంభించిరి. పాఠములు ఉచితము.

విద్యార్థి తన కంప్యూటరులోనే సాఫ్ట్‌వేరుతో మరొక కంప్యూటరును కల్పించుకొనును. వర్చువల్ మెషీన్ అను ఈ యంత్రము చెడినను అసలు యంత్రమునకు హాని లేదు. చెరిపి మరల పెట్టుకొనవచ్చును.

‘బఫర్ ఓవర్‌ఫ్లో’ ప్రయోగమునే చూడుడు. సోలెడు పాత్రలో తవ్వెడు నీరు పోసినచో పొర్లి పక్కవాటిని తడుపును. అట్లే ప్రోగ్రాము కొలత చూడక సమాచారమును స్వీకరించినచో, అది తన గదిని దాటి, ప్రోగ్రాము తరువాత ఎచటికి పోవలెనో తెలుపు చిరునామాపై పడును. 1988లో మోరిస్ వర్మ్ వేలకొలది కంప్యూటర్లలో చొరబడిన దారులలో ఇదియొకటి. విద్యార్థి మొదట రక్షణలను తీసివేసి దాడి సాధించును. పిమ్మట ఒక్కొక్కదానిని మరల పెట్టి చూచును. చిరునామాలను తారుమారు చేయు రక్షణ ఉన్నప్పుడు, 32 బిట్ల లినక్సులో స్టాకు మొదలు కాదగు చోట్లు 5,24,288. చదువరికి ఇది పెద్ద సంఖ్యయే. దాడిని ఆపక మరల మరల నడిపిన విద్యార్థి మాత్రము, ఒక్కొక్కప్పుడు నిమిషములలోనే ఆ రక్షణ లొంగుట చూచి విస్తుపోవును. ఉపన్యాసము ఈ పని చేయజాలదు.

అయినను దూరవిద్యార్థికి ఇది పూర్తిగా అమరినదనలేము. సి భాష, లినక్సు ఆజ్ఞలు ముందే వచ్చినట్లు సూచనలు సాగును. ఫోను మాత్రమే గలవానికి దారి దాదాపు మూసినట్లే. యంత్రమును క్లౌడులో నడుపు వీలున్నను ఆ అద్దె ఎవరిచ్చెదరు? చిరునామాలో ఒక్క అంకె తప్పినచో ప్రోగ్రాము కారణము చెప్పకనే ఆగిపోవును. తరగతిలోనైనచో ఉపాధ్యాయుడు వెనుకనుండి తొంగిచూచి వేలుపెట్టి చూపును. రాత్రి పదకొండు గంటలకు ఇంటిలో ఆ వేలు ఉండదు.

మన దేశపు చట్టమును గూడ ఇచ్చటి ఉపాధ్యాయుడే మొదటి దినమున చెప్పవలెను. దురుద్దేశముతో ఇతరుల కంప్యూటరులో చొరబడినవారికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము, 66వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును పడవచ్చును.

ఇక మార్కుల సంగతి. ఇతరులు చేసిపెట్టిన పరిష్కారములు ఇంటర్నెట్‌లో దొరకుచున్నవి గనుక వ్రాసి పంపిన నివేదికను నమ్మి మార్కులు వేయరాదు. వీడియోలో ఐదు నిమిషములు విద్యార్థిచేతనే తన కోడును చెప్పించి, ఈ సంఖ్య మార్చినచో ఏమగునని అడుగుట మేలు. నలుబదిమందికి ఇది సాధ్యము. నాలుగు వేలమందిని చేర్చుకొన్న తరగతికి కాదు.